మొదటిసారి స్మార్ట్‌ఫోన్ కొంటున్నారా? తరచుగా అడిగే ప్రశ్నలు

హన్మకొండ చౌరస్తా దగ్గర ఒక ఫోన్ల షాపులో నాలుగేళ్లు కౌంటర్ వెనక పనిచేశాను. ఇప్పుడు సొంతంగా రిపేరు బల్ల పెట్టుకున్నాను. షాపులో ఉన్నప్పుడు కొత్త ఫోను మొదటి రోజు ఎట్లా మెరుస్తుందో చూశాను. బల్ల ముందు కూర్చున్నాక అదే ఫోను రెండో ఏడు ఏ తీరుకు వస్తుందో చూస్తున్నాను. మొదటిసారి కొనేవాళ్లు మొదటి రోజును చూసే కొంటారు. కింది జవాబులు రెండో ఏడును మనసులో పెట్టుకుని రాసినవి. ప్రశ్నలు మాత్రం పరకాల, నర్సంపేట, ములుగు, జనగామ వైపు నుంచి వచ్చినవాళ్లు అడిగినవే.

ఇన్ని కంపెనీలు, ఇన్ని మోడళ్లు. అసలు ఎక్కడ మొదలుపెట్టాలి?

ఇంట్లోనే మొదలుపెట్టండి. ఫోను ఎవరి చేతిలో ఉంటుంది, రోజులో ఎక్కువసేపు ఏ చోట ఉంటుంది, దానితో ఏమేం పనులు చేస్తారు అనేవి ఒక కాగితం మీద రాసుకోండి. షాపులోకి వెళ్లాక ఈ సంగతులు గుర్తుకురావు. ఎదురుగా ఇరవై ఫోన్లు వెలుగుతుంటే చూపు రంగు మీదికి, కెమెరా గుండ్రాల మీదికి పోతుంది.

పత్తి రైతుకు కావాల్సిన ఫోను వేరు. 2025 సీజన్‌లో సీసీఐకి, అంటే పత్తి కొనే ప్రభుత్వ సంస్థకు, పత్తి అమ్మాలంటే కపాస్ కిసాన్ యాప్‌లో ముందే స్లాట్ బుక్ చేసుకోవాలన్నారు. అప్పటిదాకా కీప్యాడ్ ఫోనుతో గడిపినవాళ్లు ఆ సీజన్‌లో టచ్ ఫోను కోసం నా దగ్గరికి సలహాకు వచ్చారు. వాళ్లకు ఎండలో కనపడే తెర, చేనులో అందే సిగ్నల్, గట్టిగా వినపడే స్పీకర్ కావాలి. హన్మకొండలో రూమ్ తీసుకుని గ్రూప్స్‌కు చదివే అమ్మాయికి కావాల్సింది వేరు. రోజుకు నాలుగు గంటలు క్లాసులు చూడాలి, పీడీఎఫ్‌లు దాచుకోవాలి, కళ్లు నొప్పి పుట్టకూడదు. కొడుకు దుబాయ్‌లో ఉన్న తల్లికి వీడియో కాల్‌లో వాడి ముఖం, గొంతు స్పష్టంగా రావాలి. ఈ ముగ్గురికీ ఒకే ఫోను చూపించేవాళ్లు అమ్మడానికి చూపిస్తున్నట్టే.

ర్యామ్ ఎంత ఉండాలి? స్టోరేజీ ఎంత ఉండాలి?

ర్యామ్ 6 జీబీకి తగ్గొద్దు, స్టోరేజీ 128 జీబీకి తగ్గొద్దు. డబ్బు తక్కువైతే కెమెరాలో తగ్గండి, డిజైన్‌లో తగ్గండి, ఈ రెండింటిలో తగ్గకండి. 8 జీబీ, 256 జీబీ దొరికితే నాలుగైదేళ్లు చింత ఉండదు.

ఈ రెండింటికీ తేడా చాలామందికి తెలియదు. వంటింట్లో బియ్యం డబ్బాలు పెట్టుకునే అల్మారా స్టోరేజీ. కూరగాయలు తరిగే గట్టు ర్యామ్. అల్మారా ఎంత పెద్దదైనా గట్టు ఇరుకైతే వంట సాగదు. గట్టు ఎంత పెద్దదైనా అల్మారా నిండిపోతే సామాను పెట్టడానికి చోటుండదు.

నా బల్ల మీదికి "అన్నా, ఫోను హ్యాంగ్ అయితాంది" అంటూ వచ్చే వాటిలో ఎక్కువ శాతం 64 జీబీ ఫోన్లే. ఫోను సొంత సాఫ్ట్‌వేరే ఇరవై జీబీ దాకా తింటుంది. మిగిలిన దాంట్లో వాట్సాప్ గ్రూపుల గుడ్ మార్నింగ్ ఫొటోలు, పెళ్లి వీడియోలు చేరతాయి. ఏడాదిన్నరకు అల్మారా నిండుతుంది. నిండాక అప్‌డేట్ దిగదు, ఫొటో తీస్తే స్థలం లేదంటుంది, చెల్లింపు మధ్యలో యాప్ మూసుకుపోతుంది. ఫోను పాడైందనుకుని కొత్తది కొనడానికి తయారైనవాళ్లు కూడా ఉన్నారు. మెమరీ కార్డు వేసుకోవచ్చు కానీ కార్డులోకి ఫొటోలు వెళ్తాయి, యాప్‌లు లోపలి స్టోరేజీలోనే కూర్చుంటాయి.

ఇంకో సంగతి. పెట్టె మీద "12 జీబీ ర్యామ్" అని పెద్ద అక్షరాలతో వేసి, కింద చిన్నగా "6 ప్లస్ 6" అని ఉంటుంది. ఆ రెండో ఆరు వర్చువల్ ర్యామ్. అంటే అల్మారాలో ఒక అరను ఖాళీ చేసి గట్టులాగా వాడటం. అసలు ర్యామ్ వేగం దానికి రాదు. లెక్కలోకి మొదటి అంకెనే తీసుకోండి.

మరికాస్త లోతుగా చూడగలిగితే స్టోరేజీ రకం అడగండి. ఈఎంఎంసీ పాతది, నెమ్మది. యూఎఫ్ఎస్ 2.2 లేదా ఆ పైది వేగం. రెండో ఏడు ఫోను చురుగ్గా ఉండాలంటే ఈ తేడా ప్రాసెసర్ పేరు కంటే ఎక్కువ పనిచేస్తుంది. షాపులో చెప్పకపోతే కంపెనీ వెబ్‌సైట్‌లో ఆ మోడల్ వివరాల్లో చూడవచ్చు.

మా ఊర్లో 4జీనే సరిగ్గా రాదు. 5జీ ఫోను ఎందుకు?

ఈ ప్రశ్న ములుగు, ఏటూరునాగారం, భూపాలపల్లి వైపు నుంచి వచ్చినవాళ్లు అడుగుతారు. అడగడంలో న్యాయం ఉంది.

మన దేశంలో 5జీ 2022 అక్టోబర్ 1న మొదలైంది. వరంగల్, హన్మకొండ, కాజీపేటల్లో ఇప్పుడు మామూలైపోయింది. మూడు నాలుగేళ్లు వాడేందుకు కొంటున్నారు కాబట్టి 5జీ ఫోనే తీసుకోండి. ధరలో తేడా కూడా పెద్దగా లేదు. కానీ 5జీ అన్న ఒక్క అక్షరం కోసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజీ ఉన్న చవక ఫోను తీసుకోవద్దు. దానికన్నా 8 జీబీ, 128 జీబీ ఉన్న 4జీ ఫోను పెద్దవాళ్లకు హాయి.

పెట్టె మీద 5జీ అని ఉంటే సరిపోదు, ఏ బ్యాండ్లు, అంటే సిగ్నల్ తరంగాల ఏ వరుసలు, ఫోను పట్టుకుంటుందో చూడాలి. జియో, ఎయిర్‌టెల్ రెండూ 5జీకి ఎన్78 వాడతాయి. జియో దీంతోపాటు 700 మెగాహెర్ట్జ్‌లో ఉన్న ఎన్28 కూడా వాడుతుంది. ఈ తక్కువ తరంగం దూరం పోతుంది, గోడలు దాటి ఇంట్లోకి వస్తుంది. జియో 5జీ ఎస్ఏ పద్ధతిలో, అంటే 4జీ మీద ఆనుకోకుండా, నడుస్తుంది కాబట్టి ఫోను ఎస్ఏకు పనికిరావాలి. ఇప్పటి ఫోన్లలో దాదాపు అన్నిటికీ ఉంటుంది. పాత స్టాకు, సెకండ్ హ్యాండ్ ఫోను కొంటే మాత్రం తప్పక చూసుకోండి. అడవి పక్క ఊళ్లలో బీఎస్ఎన్ఎల్ ఒక్కటే అందేచోట ఉంటే, బీఎస్ఎన్ఎల్ 4జీకి కూడా 700 మెగాహెర్ట్జ్ బ్యాండ్ ముఖ్యం. 4జీ వివరాల్లో దాన్ని బీ28 అని రాస్తారు.

ఒక పని చేయండి. కొనే ముందు మీ ఊర్లో, మీ ఇంట్లో, మీ చేను గట్టు మీద ఏ సిమ్‌కు ఎన్ని గీతలు వస్తున్నాయో ఇరుగుపొరుగు ఫోన్లలో చూడండి. రెండు సిమ్‌లు రెండు కంపెనీలవి పెట్టుకోండి. సిగ్నల్ లేనిచోట ఎంత ఖరీదైన ఫోనైనా చేతిలో అద్దమే.

108 మెగాపిక్సెల్ కెమెరా అంటే 50 కన్నా రెండింతలు మంచిదా?

కాదు. 50 మెగాపిక్సెల్ కెమెరా కూడా మామూలుగా నాలుగు చుక్కల్ని ఒకటిగా కలిపి 12 మెగాపిక్సెల్ పైచిలుకు ఫొటోనే ఇస్తుంది. ఫొటో బాగా రావడం సెన్సర్ సైజు, లెన్సు, లోపలి సాఫ్ట్‌వేర్ మీద ఉంటుంది. వెనక మూడు గుండ్రాలుంటే అందులో 2 మెగాపిక్సెల్ మాక్రో, డెప్త్ కెమెరాలు లెక్క కోసం పెట్టినవి. ఒక మంచి ప్రధాన కెమెరా, వీలైతే దానికి ఓఐఎస్ ఉంటే చాలు. ఓఐఎస్ ఉంటే చేయి వణికినా, రాత్రి తీసినా బొమ్మ చెదరదు.

షాపులో పరీక్ష ఎట్లా చేయాలంటే, వెలుగులో తీయకండి. కౌంటర్ కింద నీడలో ఉన్న వస్తువును తీయండి, నడుస్తున్న మనిషిని తీయండి. తర్వాత ముందు కెమెరాతో మీతో వచ్చినవాళ్లకు వీడియో కాల్ చేసి చూడండి. కొడుకు గల్ఫ్‌లో ఉన్న అమ్మకు ఆ ముందు కెమెరా, ఆ స్పీకరే రోజూ పనికొచ్చేవి.

తెర ఎల్‌సీడీదా, అమోలెడ్‌దా?

అమోలెడ్‌లో నలుపు నల్లగా ఉంటుంది, రంగులు పలుకుతాయి, ఎండలో బాగా కనపడుతుంది. పగిలితే మార్చడానికి ఖర్చు ఎక్కువ. ఎల్‌సీడీ పగిలితే తక్కువలో పోతుంది. చేతిలోంచి ఫోను జారే అలవాటున్న ఇంట్లో ఈ లెక్క చూసుకోవాలి. వంపు తిరిగిన అంచులున్న తెర మొదటి ఫోనుకు వద్దనే నా మాట. టెంపర్డ్ గ్లాసు సరిగ్గా అంటుకోదు, పడితే ముందు అంచే దెబ్బతింటుంది.

రోజంతా చదివేవాళ్లు రెజల్యూషన్ చూడాలి. వివరాల్లో 720 అని ఉంటే అక్షరాల అంచులు కొంచెం మసకగా ఉంటాయి, 1080 అని ఉంటే తేటగా ఉంటాయి. తెలుగు గుణింతాలు, వత్తులు చిన్నగా ఉంటాయి కాబట్టి ఈ తేడా మనకు ఇంకా తెలుస్తుంది. తెర 120 హెర్ట్జ్‌ది, అంటే సెకనుకు 120 సార్లు బొమ్మ మార్చేది, అయితే వేలితో జరిపినప్పుడు నునుపుగా కదులుతుంది, లేకపోయినా నష్టం లేదు.

షాపువాళ్లను అడిగి ఫోనును గుమ్మం దాకా తీసుకుపోయి ఎండలో చూడండి. మే నెల ఎండలో ఎనుమాముల మార్కెట్ యార్డులో నిలబడి మెసేజ్ చదవలేకపోతే ఆ తెర రైతుకు పనికిరాదు. మంచి షాపువాళ్లు కాదనరు.

బ్యాటరీ, చార్జింగ్?

5000 ఎంఏహెచ్ ఉంటే మామూలు వాడకానికి ఒక రోజు వస్తుంది. 6000, ఆ పైన ఉన్నవి ఇప్పుడు మధ్యస్థ ధరల్లోనే దొరుకుతున్నాయి. కరెంటు కోతలున్న ఊళ్లకు వేగంగా ఎక్కే చార్జింగ్ మేలు. అయితే పెట్టెలో చార్జర్ ఉందా లేదా అడగండి. కొన్ని కంపెనీలు ఇవ్వడం మానేశాయి. అప్పుడు దాని ధర కూడా ఫోను ధరలో కలుపుకుని పోల్చాలి. వందకు దొరికే చార్జర్ పెట్టి కొత్త ఫోను కాల్చుకున్నవాళ్లను చూశాను.

ఏ కంపెనీ మంచిది? ఒక్క మాటలో చెప్పండి.

ఒక్క మాటలో చెబితే మిమ్మల్ని మోసం చేసినట్టవుతుంది. ఒకే కంపెనీ తొమ్మిది వేలకూ అమ్ముతుంది, తొంభై వేలకూ అమ్ముతుంది. కంపెనీని కాదు, మోడల్‌ను పోల్చాలి. అయినా ఒక్కొక్కరి తీరు తెలిసి ఉండటం మంచిది.

సామ్‌సంగ్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ల విషయంలో ముందుంది. గెలాక్సీ ఏ16 5జీకి ఆరేళ్ల అప్‌డేట్లు ప్రకటించింది. ఆ ధరలో అది పెద్ద మాట. చార్జింగ్ నెమ్మది, చాలా మోడళ్లకు పెట్టెలో చార్జర్ ఉండదు. మోటరోలా ఇప్పుడు లెనోవో చేతిలో ఉంది. అనవసరమైన యాప్‌లు తక్కువ, కొత్తవాళ్లకు గజిబిజి ఉండదు. అప్‌డేట్లు ఎన్నేళ్లన్నది మోడల్‌ను బట్టి మారుతుంది. రెడ్‌మీ, పోకో రెండూ షావోమీవే. ఇచ్చే డబ్బుకు అంకెలు ఎక్కువ కనపడతాయి, కానీ ముందే వేసిన యాప్‌లు, నోటిఫికేషన్లలో ప్రకటనలు ఎక్కువ. సెట్టింగుల్లో ఆపుకోవచ్చు. రియల్‌మీ ఒప్పో నుంచి పుట్టింది, ఐక్యూ వివోది. వివో, ఒప్పో ఫోన్లు చిన్న టౌన్లలోని షాపుల్లో కూడా దొరుకుతాయి. లావా మన దేశపు కంపెనీ, నోయిడాది. తక్కువ ధరలో శుభ్రమైన ఆండ్రాయిడ్ ఇస్తుంది.

ఇవన్నీ చూశాక నేను కంపెనీ దగ్గర అడిగే ప్రశ్నలు రెండే. ఆండ్రాయిడ్ అప్‌డేట్లు, సెక్యూరిటీ అప్‌డేట్లు ఎన్నేళ్లు ఇస్తారు? సర్వీస్ సెంటర్ మా ఊరికి ఎంత దూరం? అప్‌డేట్లు ఆగిపోయిన ఫోనులో ఫోన్‌పే, గూగుల్ పే, బ్యాంకు యాప్‌లు పెట్టుకోవడం తాళం పాతబడిన బీరువాలో డబ్బు పెట్టినట్టే. సర్వీస్ సెంటర్ మాట కూడా అంతే ముఖ్యం. పెద్ద కంపెనీలవి హన్మకొండ, వరంగల్‌లలో ఉన్నాయి. మహాదేవపూర్ నుంచి, వెంకటాపురం నుంచి వచ్చేవాళ్లకు ఒక్కసారి రావడమంటే ఒక రోజు కూలీ, బస్సు చార్జీలు పోయినట్టే. పార్టు లేదు, వారం తర్వాత రండి అంటే మళ్లీ ఒక రోజు. కొత్త పేరున్న ఫోను చవకగా వస్తోందని కొనే ముందు కంపెనీ వెబ్‌సైట్‌లో మీ పిన్‌కోడ్ కొట్టి సర్వీస్ సెంటర్ ఎక్కడుందో చూడండి.

షాపులో ఒకే ఫోను గురించి గట్టిగా చెబుతారు. నమ్మాలా?

షాపులో కంపెనీ టీషర్టు వేసుకున్నవాళ్లకు జీతం ఆ కంపెనీదే. షాపు మనుషులకు కూడా నెలనెలా కొన్ని మోడళ్ల మీద ఇన్సెంటివ్ ఉంటుంది. నేను పనిచేసిన చోట పొద్దున్నే చెప్పేవారు, ఈ వారం ఏది ముందు పెట్టాలో. ఒకరోజు ఒక తల్లి, డిగ్రీ చదివే కొడుకు వచ్చారు. ఆమె కొంగు ముడిలో డబ్బు కట్టుకుని తెచ్చింది, నోట్లు మెత్తబడి ఉన్నాయి. పిల్లాడు అడిగిన మోడల్ మా దగ్గర ఉంది. అది లేదని చెప్పమన్నారు, చెప్పాను, వేరేది అంటగట్టాను. ఏడాదికి ఆ ఫోను తీసుకుని ఆమె మళ్లీ వచ్చింది, నిండిపోయి పనిచేయడం లేదని. ఈ పేజీ రాయడానికి ఒక కారణం ఆ తల్లి.

అందుకే రెండు మూడు మోడళ్ల పేర్లు రాసుకుని వెళ్లండి. "అది స్టాకు లేదమ్మా" అంటే ఇంకో షాపుకు వెళ్లండి. చౌరస్తాలో నాలుగడుగులకు ఒక షాపు ఉంది.

ఐఫోన్ తీసుకుంటే ఇబ్బంది ఉండదా?

ఫోను మంచిదే. అప్‌డేట్లు చాలా ఏళ్లు వస్తాయి, అమ్మితే ధర పలుకుతుంది. మొదటిసారి కొనేవారికి అప్పు చేసి కొనేంత అవసరం మాత్రం లేదు. కాలేజీలో నలుగురి కోసమని నాలుగేళ్ల నాటి ఐఫోన్ సెకండ్ హ్యాండ్‌లో తీసుకుంటే, బ్యాటరీ మార్చాల్సి వస్తుంది, అప్‌డేట్లు ఆగిపోయే రోజు దగ్గరపడుతుంది. అదే డబ్బుకు కొత్త ఆండ్రాయిడ్ నిశ్చింతగా నడుస్తుంది.

మా బాపు వేలిముద్ర ఫోనులో పడతలేదు. ఫోను మార్చాలా?

మార్చకండి. రేగొండ వైపు నుంచి ఒక పెద్దాయన కొత్త ఫోను పట్టుకుని వచ్చారు. ఆయన బొటనవేలు నా చేతిలోకి తీసుకుని చూశాను. వారం రోజులుగా మిరపకాయ తెంపిన చేయి. వేలి కొన మీద గీతలు అరిగి, చర్మం పగిలి, పగుళ్లలో ఎరుపు దిగి ఉంది. సెన్సర్ దాన్ని ఎట్లా చదువుతుంది? రేషన్ షాపులో కూడా ఇదే బాధ అన్నారు. జగిత్యాల, కోరుట్ల వైపు బీడీలు చుట్టే అక్కలకు కూడా వేళ్లు ఇట్లాగే అరుగుతాయి.

తక్కువ అరిగిన వేలు, చాలాసార్లు ఎడమచేతి చిటికెన వేలు లేదా ఉంగరపు వేలు, రిజిస్టర్ చేయండి. ఫోను ఒప్పుకుంటే అదే వేలిని రెండుసార్లు వేరువేరు పేర్లతో ఎక్కిస్తే ఇంకా బాగా పడుతుంది. అది కూడా కుదరకపోతే ఆరంకెల పిన్ పెట్టండి. పుట్టిన సంవత్సరం వద్దు. టచ్ కూడా సరిగ్గా పలకకపోతే సెట్టింగుల్లో టచ్ సెన్సిటివిటీ పెంచే ఆప్షన్ కొన్ని ఫోన్లలో ఉంటుంది. ఇలాంటి వారికి కొనేటప్పుడు ఆ మనిషినే షాపుకు తీసుకెళ్లి, ఆయన చేతితోనే నొక్కించి చూడండి. కొడుకు వేలితో చూసి కొంటే తేడా తెలియదు.

చదువురాని అమ్మ వాడగలదా?

వాడగలదు. భాష తెలుగుకు మార్చండి, అక్షరాల సైజు పెంచండి, తెర మీద నాలుగైదు యాప్‌లే ఉంచి మిగతావి తీసేయండి. గూగుల్ కీబోర్డు జీబోర్డ్‌లో మైకు గుర్తు నొక్కి తెలుగులో మాట్లాడితే అదే రాస్తుంది. మన యాస కూడా చాలావరకు పట్టుకుంటుంది. ఎక్కువగా మాట్లాడే నలుగురి ఫొటోలు మొదటి తెర మీదే పెట్టండి, ఫొటో నొక్కితే కాల్ పోయేలా. ఓపికగా వారం చూపిస్తే చాలు.

జీరో డౌన్ పేమెంట్, నో కాస్ట్ ఈఎంఐ అంటున్నారు. తీసుకోవచ్చా?

లెక్క వేసి తీసుకోండి. ఉదాహరణకు ఫోను 18,000. పన్నెండు నెలలు, నెలకు 1,500. వడ్డీ లేనట్టే కనపడుతుంది. అదే ఫోను నగదుకు ఎంతిస్తారని అడగండి. 17,000 అంటే ఆ వెయ్యి వడ్డీ కిందే లెక్క. ప్రాసెసింగ్ ఫీజు 500 అనుకుంటే, దాని మీద 18 శాతం జీఎస్టీతో 590. మధ్యలో అడగకుండా 999 పెట్టి ఇన్సూరెన్స్ కలిపితే, మొత్తం మీద 2,589 ఎక్కువ కట్టినట్టు.

నెల జీతం ఉన్నవారికి పర్వాలేదు. పంట మీద ఆధారపడ్డ ఇంటికి నెలనెలా కిస్తు అంటే టెన్షన్. ఒక్క కిస్తు తప్పితే ఫైనాన్స్ కంపెనీ జరిమానా వేస్తుంది, బ్యాంకు కూడా విడిగా బౌన్స్ చార్జీ కోస్తుంది, అప్పులు సరిగ్గా కడతారా లేదా అని చూపే సిబిల్ స్కోరు పడిపోతుంది. రేపు ట్రాక్టర్ లోనుకో, పిల్లల చదువు లోనుకో పోతే అది అడ్డం వస్తుంది. సంతకం పెట్టే ముందు కాగితంలో ఇన్సూరెన్స్, మెంబర్‌షిప్ కార్డు లాంటివి కలిపారేమో చదివించుకోండి. వద్దంటే తీసేస్తారు.

షాపులో కొనాలా, ఆన్‌లైన్‌లోనా? దసరా దాకా ఆగితే తగ్గుతుందా?

దసరా, దీపావళి ముందు ఆన్‌లైన్ సేల్స్‌లో తగ్గింపులు నిజమే. అయితే ఎక్కువ భాగం ఫలానా బ్యాంకు క్రెడిట్ కార్డు ఉన్నవారికే. 2025 చివరి నుంచి మెమరీ చిప్‌ల ధరలు పెరిగి ఫోన్ల ధరలు కూడా పైకి పోయాయి కాబట్టి, ఆగితే తప్పకుండా తగ్గుతుందని ఇప్పుడు చెప్పలేను. అవసరం ఉంటే కొనేయండి. ఆన్‌లైన్ ధర స్క్రీన్ మీద చూపిస్తే షాపువాళ్లు చాలాసార్లు దగ్గరిదాకా దిగుతారు. మొదటి ఫోను చేతితో పట్టుకుని చూసి కొనడమే నాకు నచ్చుతుంది.

ఎక్కడ కొన్నా జీఎస్టీ బిల్లు, దాని మీద ఐఎంఈఐ నంబరు, అంటే ఆ ఫోనుకు మాత్రమే ఉండే గుర్తింపు నంబరు, ఉండాలి. ఫోనులో *#06# కొడితే వచ్చే నంబరు, పెట్టె మీది నంబరు, బిల్లు మీది నంబరు ఒకటే కావాలి. ఆన్‌లైన్‌లో ఓపెన్ బాక్స్ డెలివరీ ఉంటే డెలివరీ బాయ్ ముందే తెరిచి చూశాకే ఓటీపీ చెప్పండి. గొడవ వస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

మా అన్న సౌదీ నుంచి పంపిస్తానంటున్నాడు. మంచిదేనా?

కరీంనగర్, జగిత్యాల, నిర్మల్ వైపు ఇళ్లలో ఈ ప్రశ్న మామూలు. మూడు సంగతులు చూసుకోండి. చాలా ఆండ్రాయిడ్ కంపెనీల వారంటీ కొన్న దేశానికే. బ్యాండ్లు మన దేశానికి సరిపోతాయో పైన చెప్పినట్టు చూడాలి. ఇక ఐఫోన్ 17 అయితే సౌదీ, యూఏఈ, ఖతార్, కువైట్, ఒమన్, బహ్రెయిన్‌లలో అమ్మే వాటికి సిమ్ పెట్టే స్లాటే ఉండదు, కార్డు లేకుండా ఫోనులోనే ఎక్కించే ఈసిమ్ ఒక్కటే. ఊర్లో సిమ్ తీసి వేరే ఫోనులో వేసుకునే అలవాటున్న ఇంట్లో అది తలనొప్పి.

సెకండ్ హ్యాండ్?

తెలిసినవారి దగ్గర, పెట్టె, బిల్లుతో అయితే తీసుకోవచ్చు. డబ్బు ఇచ్చే ముందు ఇంగ్లిష్ అక్షరాల్లో కేవైఎం (KYM) అని టైప్ చేసి, ఖాళీ వదిలి, 15 అంకెల ఐఎంఈఐ కొట్టి 14422కు మెసేజ్ పంపండి. ఆ ఫోను బ్లాక్ అయిందో లేదో తెలుస్తుంది. దొంగ ఫోను చేతిలో ఉంటే పోలీసులు మీ ఇంటికే వస్తారు. అమ్మేవారి ముందే వాళ్ల గూగుల్ ఖాతా తీయించి, రీసెట్ చేయించి, మీ ఖాతాతో తెరిచి చూడండి. ఖాతా తీయకుండా ఇచ్చిన ఫోను రీసెట్ చేస్తే తాళం పడిపోతుంది. అది తీయమని నా దగ్గరికి తెస్తే నేను తీయను.

దుమ్ము, నీళ్లు తట్టుకుంటుందా?

దీన్ని ఐపీ అనే రేటింగుతో చెబుతారు. ఐపీ54 అంటే దుమ్ము కొంత, చినుకులు కొంత తట్టుకుంటుంది. ఐపీ67, ఐపీ68 అంటే కొంత లోతు నీటిలో కొంతసేపు ఉన్నా తట్టుకుంటుంది. అయినా నీళ్లు పోయి పాడైతే మామూలు వారంటీ కింద చేయరు, అది గుర్తుంచుకోండి.

మన వైపు నీళ్లకన్నా ఎక్కువ బాధ పత్తి నూగుది. పోయిన చలికాలం ఒకాయన చార్జింగ్ ఎక్కడం లేదని వచ్చారు. ఇంకో చోట చార్జింగ్ బోర్డు మార్చాలి, పదిహేను వందలవుతుంది అన్నారట. దీపం కింద పెట్టి పోర్టులోకి చూశాను. ఫోను ఆపి, చెక్క టూత్‌పిక్‌తో మెల్లగా గీకితే బూడిదరంగు నూగు ఒక ముద్దగా బయటికి వచ్చింది, కంబళి ముక్కలాగా గట్టిపడి ఉంది. జేబులో పత్తి, ఆ జేబులోనే ఫోను. కేబుల్ పెట్టిన ప్రతిసారీ ఆ నూగును లోపలికి కూరినట్టయింది. ముద్ద తీశాక టక్కున చార్జింగ్ ఎక్కింది. సూదులు, పిన్నులు పెట్టకండి, లోపలి పిన్నులు వంగిపోతాయి. పత్తి కాలంలో పోర్టుకు రబ్బరు మూత పెట్టుకుంటే సరిపోతుంది, ఇరవై రూపాయలకు దొరుకుతుంది.

కొన్న రోజు చేయాల్సినవి?

గూగుల్ ఖాతా మీ పేరుతోనే, మీ నంబరుతోనే తెరవండి. షాపు అబ్బాయి తన ఖాతాతో తెరిచి ఇస్తే రేపు పాస్‌వర్డ్ మీకు తెలియదు. పాస్‌వర్డ్ కాగితం మీద రాసి బిల్లుతోపాటు దాచండి. పోయిన ఫోను ఎక్కడుందో చూపే ఫైండ్ హబ్ (ఇదివరకు ఫైండ్ మై డివైస్ అనేవారు) పనిచేస్తుందో చూడండి. అప్‌డేట్లు దించండి. వాట్సాప్‌లో ఫొటోలు, వీడియోలు వాటంతటవే దిగడం ఆపేయండి.

ఒకటి మాత్రం ఇంట్లో అందరికీ చెప్పండి. పీఎం కిసాన్ అని, ట్రాఫిక్ చలాన్ అని, పెళ్లి కార్డు అని వాట్సాప్‌లో ఏపీకే ఫైల్, అంటే నొక్కితే ఫోనులో యాప్ ఎక్కించేది, వస్తే నొక్కొద్దు. తెలిసినవారి నంబరు నుంచి వచ్చినా నొక్కొద్దు, వాళ్ల ఫోను అప్పటికే వేరేవాళ్ల చేతిలో పడి ఉండవచ్చు. డబ్బు పోయిందని తెలిసిన నిమిషంలోనే 1930కు ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే డబ్బును మధ్యలో ఆపడానికి అంత అవకాశం. ఫోనే పోతే పోలీసులకు ఫిర్యాదు ఇచ్చి, ప్రభుత్వ పోర్టల్ సంచార్ సాథీలో ఐఎంఈఐ బ్లాక్ చేయించండి.

పాత కీప్యాడ్ ఫోను పారేయాలా?

వద్దు. రెండో సిమ్ అందులో వేసి చార్జింగ్ పెట్టి ఉంచండి. మేడారం జాతరకు పోయినప్పుడు జనంలో స్మార్ట్‌ఫోన్ బ్యాటరీ సిగ్నల్ వెతుక్కుంటూనే మధ్యాహ్నానికి అయిపోతుంది. జంపన్నవాగు దగ్గర తప్పిపోయిన మనిషికి సాయంత్రం దాకా మోగే ఫోను ఒకటి కావాలి. ఇంటివాళ్ల నంబర్లు నాలుగు అందులో సేవ్ చేసి, అవ్వ చేతికివ్వండి.